మిగతాది బడిలో

మా ఇంగ్లీషు సారు పోయిన కబురు నాకు ఫోన్‌లోనే తెలిసింది. నేను ఇదివరకు పనిచేసిన బడి గ్రూపులో పొద్దున్నే ఎవరో ఆయన ఫొటో పెట్టారు. దాని కింద దండాలు పెట్టే చేతుల బొమ్మలు వరసగా దిగాయి. వెలుగుతున్న దీపం ఒకరు పెట్టారు. 'ఆత్మకు శాంతి చేకూరాలి' అని ఒకరు రాస్తే అదే వాక్యాన్ని మిగతావాళ్లు తలా ఒకసారి పంపారు. అన్నీ పద్ధతి ప్రకారం జరిగిపోతుండగా ఒక ఆడమనిషి గొంతు సందేశం వచ్చింది. నొక్కితే వెనకాల కోళ్ల అరుపులు, ముక్కు చీదిన చప్పుడు, ఆ తర్వాత మాట.

"అయ్యో సారూ, గింత పని చేస్తివా! మరి ఆ మేక ఎవరిదో చెప్పకనే పోతివి!"

కొత్తగా వచ్చిన హెడ్మాస్టరు గారు 'పొరపాటున వచ్చినట్టుంది, దయచేసి తొలగించగలరు' అని రాశారు. ఆయన్ని తప్పు పట్టలేం, ఆయనకు మేక సంగతి తెలియదు. నాకు తెలుసు. వనపర్తి బస్టాండులో బెంచీ మీద కూచుని, పక్కవాళ్లు చూస్తారన్న సిగ్గు కూడా లేకుండా నవ్వాను. నవ్వుతూ ఉండగానే కళ్లు నిండాయి.

ఆయన గురించి చెప్పాలంటే ముందు ఆయన చొక్కా జేబు గురించి చెప్పాలి. అందులో సుద్దముక్కలూ ఫోనూ కలిసి కాపురం చేసేవి. ఫోనుకు ఎప్పుడూ తెల్లటి పొడి అంటుకుని ఉండేది. మాట్లాడి తీస్తే చెంప మీద తెల్లటి చార పడేది. పిల్లలు చూసి నవ్వేవాళ్లు. "వై ఆర్ యు లాఫింగ్?" అని ఆయన గంభీరంగా అడిగేవాడు. జవాబుగా క్లాసంతా ఒకే గొంతుతో "యస్ సార్" అనేది. ఆయన ఏమడిగినా క్లాసు చెప్పే జవాబు అదే.

సొంత ఊరు నాగర్‌కర్నూల్. గద్వాలలో గది అద్దెకు తీసుకుని, పొద్దున్నే షేర్ ఆటోలో ముందు సీటు అంచున వేలాడుతూ ధరూర్ అవతల కృష్ణా నది వైపున్న మా పల్లె బడికి వచ్చేవాడు. నేను తెలుగు చెప్పేవాణ్ణి. ఇంగ్లీషు ఎవరికీ రాని ఊళ్లో ఇంగ్లీషు సారుకూ, తెలుగు అందరికీ వచ్చిన ఊళ్లో తెలుగు సారుకూ ఉండే గౌరవం ఇంచుమించు సమానం. ఆ సమానత్వం వల్లే మాకు స్నేహం కుదిరింది. వయసులో నాకంటే చాలా పెద్ద, అయినా నన్ను "తెలుగు సారు" అనే పిలిచేవాడు.

ఆయనకు ఒక సిద్ధాంతం ఉండేది. టీ తాగేటప్పుడల్లా చెప్పేవాడు. "ఎదుటోనికి తెలుగు తెల్సు, నాకు తెలుగు తెల్సు. ఇద్దరం ఇంగ్లీషుల మాట్లాడుడు ఏంది తెలుగు సారు, నాటకం కాకపోతే! అక్కర పడాలె. అక్కర పడ్డనాడు నోరు అదే తెర్చుకుంటది." ఆ తర్వాత గ్లాసు కింద పెట్టి, ప్రతిసారీ అదే నిట్టూర్పు. "నా సర్వీసుల ఒక్క పిల్ల గాని, పిలగాడు గాని తనంతట తాను నన్ను ఇంగ్లీషుల ఒక్క ప్రశ్న అడిగితే చాలు. ఆ దినమే సంబురంగ రిటైరు అయిపోత." రిటైరు కావడానికి ప్రభుత్వం పెట్టిన వయసు ఒకటుందని నేను గుర్తుచేస్తే, "ఆ, గదొకటి ఉన్నది గదా" అని దిగాలుగా లేచేవాడు.

మా బడికి అప్పటికే పెద్ద డిజిటల్ తెర వచ్చి ఉంది. దానికి ఒక గది, గదికి ఒక తాళం, తాళంచెవి హెడ్మాస్టరు గారి మొలతాడుకు. దుమ్ము పడుతుందని తెర మీద పూల దుప్పటి కప్పేవాళ్లు. దసరాకు ఆయుధపూజ రోజున దుప్పటి తీసి, నుదురు ఎక్కడుంటుందో అంచనా వేసి బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి మళ్లీ కప్పేవాళ్లు. తనిఖీ వస్తే బొట్టు తుడిచేవాళ్లు. మా సారు మటుకు ఆ గదిలోకి వెళ్లినప్పుడల్లా తెర ముందు ఒక్క క్షణం చేతులు కట్టుకుని నిలబడేవాడు. "పెద్దమనిషి నిద్రపోతుండు, లేపొద్దు" అనేవాడు నాతో మెల్లగా.

కరోనా సర్దుకున్న ఏడాది, ఇంగ్లీషు బోధనలో అంతర్జాలాన్ని ఎలా కలపాలో నేర్పడానికి వనపర్తిలో శిక్షణ పెట్టారు. మా సారు వెళ్లాడు. చెప్పేవాడు మంచి కుర్రాడట, కష్టపడి తయారై వచ్చాడట. కానీ నెట్టు రాలేదు. తెర మీద గుండ్రటి గీత తిరుగుతూనే ఉందట. చివరికి ఆ కుర్రాడు విసిగిపోయి, వెబ్‌సైటు తెరుచుకుంటే ఎలా కనబడుతుందో బోర్డు మీద బొమ్మ గీసి చూపించాడట. ఏ బొత్తాం నొక్కాలో కూడా గీసి, అందరి చేతా గాలిలో నొక్కించాడట. ప్రశ్నలు అడగమన్నప్పుడు మా సారు లేచి, "సారు, మా పిల్లలు వానకాలం మొత్తం పత్తి చేన్ల ఉంటరు. వాళ్లకు ఇది ఎట్ల చూపియ్యాలె?" అని అడిగాడు. "చాలా మంచి ప్రశ్న" అన్నాడట ఆ కుర్రాడు. తర్వాత టీ ఇచ్చారు.

ఆ ప్రశ్న ఉత్త ప్రశ్న కాదు. మా వైపు సీడు పత్తి, అంటే విత్తనం కోసం పండించే పత్తి, వేస్తారు. వానలు పడి చెట్టుకు మొగ్గ కట్టిన దగ్గర్నుంచి క్రాసింగ్ పని. సాయంత్రం మొగ్గ రేకులు విప్పి లోపలి పుప్పొడి తీసేయాలి. మర్నాడు పొద్దున మగపువ్వు తెచ్చి దానికి రాయాలి. ఒక్క పువ్వు తప్పినా లాభం లేదు, ఒక్క రోజు తప్పినా లాభం లేదు. చెట్టు ఎత్తు పిల్లల భుజాల దాకా ఉంటుంది, పువ్వు సున్నితం, కాబట్టి చిన్న వేళ్లు కావాలంటారు. చిన్న కూలి కూడా కావాలన్నది ఎవరూ అనరు. దసరా దాటేదాకా మా బడిలో పై క్లాసులు సగం ఖాళీ. ఆ తర్వాత కొందరు తిరిగి వస్తారు, కొందరు రారు. రానివాళ్లలో ఆడపిల్లలే ఎక్కువ.

ఆ ఏడాది రాకుండా పోయేవాళ్లలో అనిత ఉంటుందని మా అందరికీ తెలుసు. తొమ్మిదో తరగతి. తల్లి సాయమ్మ, ఆ గొంతు సందేశం పెట్టిన మనిషే, ఒక ఆడకూలీల ముఠాకు పెద్ద. అనిత వేళ్లు ముఠాలో అందరికంటే చురుకని చేను ఆసామి ఊరంతా చెప్పుకునేవాడు. "చెవులు గూడ గంతే చురుకు, గది ఎవరు చెప్పాలె?" అనేవాడు మా సారు. పోయిన ఏడు పాఠం ఒక్కసారి విని మాట పొల్లుపోకుండా అప్పజెప్పేదట. ఆ పిల్లను వెనక్కి తేవాలని ఆయన పట్టు.

ఒకరోజు నన్నూ వెంటబెట్టుకుని చేనుకు పోయాడు. ఆసామి గట్టు మీదే ఎదురొచ్చి మర్యాదగా మాట్లాడాడు. "పంపుతం సారు, మాకు మాత్రం పిల్లలు సదువుకునుడు ఇష్టం లేదా? జర క్రాసింగ్ అయిపోనియ్యుండ్రి." గట్టున తుమ్మచెట్టుకు పాటల డబ్బా వేలాడుతోంది. ఫోన్‌కు కలిపి పెద్దగా పెడితే చేనంతా వినిపిస్తుంది. ఆడవాళ్లు, పిల్లలు ఆ పాటలు వింటూ సాళ్ల వెంట చేతులాడిస్తున్నారు. మా సారు ఆసామి మాటలు వినడం మానేసి ఆ డబ్బా వైపే చూడసాగాడు. "చేతులకు పని ఉన్నది, చెవులు ఖాళీగ ఉన్నయి తెలుగు సారు" అన్నాడు తిరిగి వస్తూ.

మర్నాటి నుంచి పాఠాలు తన గొంతుతో రికార్డు చేసి, ఆ డబ్బాకు కలిపి పెట్టమని సాయమ్మ ఫోన్‌కు పంపడం మొదలైంది. ఆ రికార్డింగ్ చూడాల్సిన ముచ్చట. చప్పుడు రాకుండా తెర గది తలుపులు వేసేవాడు. ఫోన్‌ను డస్టర్‌కు ఆనించి నిలబెట్టేవాడు. గొంతు సవరించుకుని, చొక్కా పై గుండీ పెట్టుకుని, కాలరు సర్దుకునేవాడు. "ఫోన్ల గొంతే పోతది గదా సార్, గుండీ ఎందుకు?" అంటే, "గుండీ లేకపోతే గొంతుల తెలుస్తది" అన్నాడు. కూచుని చెప్పమంటే ఒప్పుకోలేదు. కూచుని పాఠం చెప్పడం ఆయన చేతకాదు.

అన్నిటికంటే పెద్ద ఇబ్బంది, ఖాళీ గదిలో ఆయనకు పాఠం రాదు. అందుకని నన్ను బెంచీ మీద కూచోబెట్టేవాడు. రెండు వాక్యాలు చెప్పి ఆపేసేవాడు. "గట్ల అంతా అర్థమైనట్టు కూసోకుండ్రి తెలుగు సారు. నాకు పాఠం ముందలికి పోతలేదు. జర తెల్వనట్టు మొకం పెట్టుండ్రి." నేను ప్రయత్నించేవాణ్ణి. "ఆ, గిట్ల! మీకు పెద్దగ కష్టపడే పనే లేదు" అని మెచ్చుకుని సాగించేవాడు. అలా ఆ వానకాలమంతా నా ముఖాన్ని చూస్తూ ఆయన, కనబడని పిల్లలకు ఇంగ్లీషు చెప్పాడు. నా ఉద్యోగ జీవితంలో ఇంగ్లీషు బోధనకు నేను చేసిన సేవ ఆ ముఖమే.

మొదటి పాఠం అలవాటు కొద్దీ "గుడ్ మార్నింగ్ చిల్డ్రన్, సిట్ డౌన్" అని మొదలైంది. డబ్బాలోంచి ఆ మాట రాగానే చేనంతా ఆగిందట. అనిత అర్థం చెప్పిందట. సాయమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని, "సారు కూసోమంటుండు, ఆసామి నిలబడుమంటుండు. ఎవరి మాట ఇనాలె?" అందట. ఈ సంగతి మా సారుకు చేరింది. రెండో పాఠం నుంచి "స్టాండ్, స్టాండ్, నో ప్రాబ్లం" అని మొదలుపెట్టాడు.

ఈ డబ్బా పాఠాల సంగతి పైవాళ్లకు తెలియడానికి ఎంతో కాలం పట్టలేదు. ఒక అధికారి జీపులో వచ్చాడు. చేలో అనిత చేతిలో మగపువ్వు, పక్కన తుమ్మచెట్టుకు డబ్బా, వెనక నవ్వుతూ అధికారి. ఫొటో గొప్పగా వచ్చింది. గద్వాలలో సభ పెట్టి మా సారుకు శాలువా కప్పారు. మాట్లాడినవాళ్లందరూ సాంకేతికత పొలం దాకా వెళ్లిందన్నారు. పిల్లలు పొలం దాకా ఎందుకు వెళ్లారన్నది ఎవరూ ఎత్తలేదు. డబ్బా ఇచ్చిన దాతగా చేను ఆసామిని కూడా ముందు వరసలో కూచోబెట్టారు.

సభ అయ్యాక ఆసామి మా దగ్గరికి వచ్చి మా సారు చేతులు పట్టుకున్నాడు. మనిషి నిజంగా కరిగిపోయి ఉన్నాడు. "సారు, మీరు దేవుని లెక్క వచ్చిన్రు. ఇంతకుముందు పిల్లలు నాలుగు దినాలు వస్తె, బడి యాదికొచ్చి అయిదో దినం ఎగ్గొడుతుండ్రి. ఇప్పుడు మీ పాఠం ఇనుకుంట యాడికి పోతలేరు. తల్లిదండ్రులు గూడ రంది పడ్తలేరు, సదువు చేన్లనే అయితున్నది గదా అని. ఇంకో రెండు డబ్బాలు తెప్పిస్త."

సభ నుంచి ఆయన గదికి ఆటోలో బయల్దేరాం. మా సారు శాలువా ఒళ్లో పెట్టుకుని దాని అంచు కుచ్చులు ఒక్కొక్కటే మెలిపెడుతూ కూచున్నాడు. దిగేముందు, "పిల్లను బడికి తెద్దామని పోతి. బడినే చేన్ల కట్టేసి వస్తి" అన్నాడు. మర్నాడు నేను వెళ్లేసరికి డిజిటల్ తెర మీద పూల దుప్పటి లేదు. దాని బదులు ఆ శాలువా కప్పి ఉంది. హెడ్మాస్టరు గారు బాగుందన్నారు.

ఆ రోజే మేక పుట్టింది. తలుపులు వేసి, గుండీ పెట్టుకుని, నన్ను కూచోబెట్టి మొదలుపెట్టాడు. పాఠం కాదు, కథ. ఇంగ్లీషు ఎంత చిన్నదంటే నాక్కూడా నిజంగానే అర్థమైంది. "వన్ ఓల్డ్ ఉమన్. వన్ బోట్. వన్ గోట్." సోమశిల రేవులో ఒక ముసలామె తన మేకను పడవ ఎక్కించి అవతలి ఒడ్డుకు పోతోంది. పడవ నది మధ్యకు వచ్చింది. వెనకాల కంబళి కప్పుకుని కూచున్న మనిషొకడు లేచాడు. మేక దగ్గరికి వచ్చాడు. "దట్ ఈజ్ మై గోట్" అన్నాడు. అక్కడ మా సారు ఫోన్ వైపు వంగి, "రిమైనింగ్ ఇన్ ద స్కూల్" అని చెప్పి ఆపేశాడు.

"తర్వాత ఏమైంది సార్?" అన్నాను.

"బడికి రాండ్రి, చెప్త."

"నేను బడిలోనే ఉన్నాను గదా."

"రేపు నా క్లాసుకు రాండ్రి" అని గుండీ విప్పుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు క్లాసులో ఉన్న కొద్దిమందికీ తర్వాతి ముక్క చెప్పాడు. ఆ సాయంత్రం చేనుకు పంపిన రికార్డులో దాని ఊసే ఎత్తకుండా, అందరూ అది విన్నట్టే ఇంకా తర్వాతి ముక్క చెప్పాడు. ఒక ముక్క డబ్బాలో, ఒక ముక్క బడిలో. అదీ ఆయన ఎత్తు. నేను ఎగతాళి చేశాను. మూడు నాలుగు రోజులు గడిచినా చేలోంచి ఒక్క పిల్ల రాలేదు. మా సారు ముఖం పీక్కుపోయింది.

ఎందుకు రాలేదో తర్వాత తెలిసింది. చేలో వాళ్లకు చివర వచ్చే ఆ మాట ముగింపు ప్రార్థనలా ఏదో మర్యాద మాట అనిపించింది. కథ మధ్యలో మాయమైపోతుంటే డబ్బా చెడిపోయిందనుకున్నారు. "నిన్న మేక పడవల ఉండె. ఇయాల నీళ్లల్ల ఈత కొడ్తున్నది. ఎవడు తోసిండు? ఎప్పుడు తోసిండు? గదంత ఈ డబ్బనే మింగుతున్నది" అని సాయమ్మ ఆసామితో తగాదా పెట్టుకుంది. పని మందగిస్తోందని ఆయన ఆ డబ్బాను గద్వాలకు పట్టుకుపోయి సెల్ దుకాణంలో చూపించాడు. దుకాణంవాడు పాటలు పెట్టి చూసి, బ్రహ్మాండంగా ఉందని తిప్పి పంపాడు. నమ్మకం కుదరక ఆసామి కొత్త డబ్బా కొన్నాడు. కొత్త డబ్బా కూడా సరిగ్గా అక్కడే మింగింది.

అప్పుడు అనిత నోరు విప్పింది. ఆ ముక్క డబ్బాలో లేదనీ, సారు బడిలో చెబుతున్నాడనీ, ఆయన రోజూ చివర చెప్పే మాటకు అర్థం అదేననీ చెప్పింది. "గిన్ని దినాలు ఎందుకు చెప్పకపోతివే?" అని తల్లి గద్దించిందట. "చెప్తె బడికి పోతవా అని తిడ్తవని" అందట ఆ పిల్ల. సాయమ్మ కొంగు నడుముకు దోపుకుందట. తర్వాత చెప్పిందట. "పో. రేపు పొద్దున పోయి మొత్తం ఇని రా. నీ సాలు నేను చేస్త. నడిమిట్ల ఒక్క ముక్క ఇడిసిపెట్టినా ఊకోను."

మర్నాడు మొదటి పీరియడ్‌లో అనిత గుమ్మంలో నిలబడింది. వేళ్లకు ఇంకా పుప్పొడి పచ్చదనం అంటుకునే ఉంది. మా సారు ఏమీ జరగనట్టు "కమ్ ఇన్" అన్నాడు. కథ ముక్క అయిపోగానే ఆ పిల్ల సంచీ భుజాన వేసుకుని చేనుకు పరుగెత్తింది. రెండు రోజులు అలాగే అయింది. మూడో రోజు మా సారు నా చివరి పీరియడ్ అడిగి తీసుకున్నాడు. ఆ రోజు నుంచి బడిలో చెప్పే ముక్క కూడా రెండు ముక్కలు, సగం మొదటి పీరియడ్‌లో, సగం చివరి పీరియడ్‌లో. మధ్యలో ఆ పిల్ల వేరే దారి లేక లెక్కలూ, సైన్సూ, నా తెలుగూ భరించాల్సి వచ్చింది.

చేలో ఆ పిల్ల పరిస్థితి ఇంకా కష్టం. కథ పట్టుకెళ్లి చెబితే ఆడవాళ్లు ఊరుకోలేదు, ఎదురు ప్రశ్నలు వేశారు. ముఠా రెండు పక్షాలుగా చీలిపోయింది. మేక ముసలామెదే అని కొందరు, కంబళివాడికీ ఏదో కష్టం ఉండి ఉంటుందని కొందరు. "సరే, ఇద్దరు కొట్లాడుతుండ్రు. మరి మేక తాడు ఎవరి చేతుల ఉన్నది? తాడు ఎవరు పట్టుకున్నరో తెల్వకుండ నాయం ఎట్ల చెప్పాలె?" అంది సాయమ్మ. అనితకు తెలియదు. సారు ఆ మాట చెప్పనేలేదు. "మరి ఏం ఇంటివి నువ్వు? అడుగాలె గదా!" అని తల్లి కసిరిందట.

మర్నాడు నేను ఆ క్లాసులో వెనక బెంచీలో ఉన్నాను. నాకూ మేక పిచ్చి పట్టింది, దాచేదేముంది. మా సారు కథ మొదలుపెట్టబోతుంటే అనిత లేచింది. రెండు మూడుసార్లు పెదవులు తడుపుకుంది. "సార్..." అంది. "సార్, రోప్... రోప్ హూ హ్యాండ్?"

క్లాసు నవ్వలేదు. అందరికీ అదే కావాలి. బస్సు కండక్టరు ఇంగ్లీషును కూడా దిద్దే మా సారు ఆ వాక్యాన్ని దిద్దలేదు. చేతిలో సుద్దముక్క అలాగే ఉంది. మెల్లగా వెనక్కి జరిగి కుర్చీలో కూచున్నాడు. ఆయన క్లాసులో కూచోవడం నేను చూసింది ఆ ఒక్కసారే. కాసేపటికి తేరుకుని, "ఆస్క్ అగైన్" అన్నాడు. ఆ పిల్ల మళ్లీ అడిగింది. "వన్స్ మోర్" అన్నాడు. మళ్లీ అడిగింది. ఆయనకు వినబడక కాదు. ఎన్నిసార్లు విన్నా తనివి తీరక అడిగించుకున్నాడు. నాకు అంత సంతోషం నా సొంత పెళ్లిలో కూడా కలగలేదు.

ఆ తర్వాత బడి నిండిపోయిందని అబద్ధం చెప్పను. కానీ అనిత చెప్పే కథలో సాయమ్మ పక్షపాతం కలుస్తోందని అనుమానం వచ్చి, పక్క చేను ముఠావాళ్లు తమ మనిషిగా ఒక పిల్లను పంపారు. ఆ పిల్లను నమ్మక ఇంకొకరు ఇంకొకరిని పంపారు. అలా కొన్ని బెంచీలు నిండాయి. ఆసామి బడికి వచ్చాడు. "సారు, కథ మొత్తం డబ్బాలనే పెట్టుండ్రి, పని ఖరాబైతున్నది" అన్నాడు. "ఏం చెయ్యాలె, నెట్టు జర సతాయిస్తున్నది" అన్నాడు మా సారు, వనపర్తి శిక్షణలో నేర్చుకున్న విద్య చూపిస్తూ. ఆసామి గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. గొంతు తగ్గించి, "ఇంతకు ఆ మేక..." అన్నాడు. "మిగతాది బడిలో" అన్నాడు మా సారు. ఆ వయసులో తొమ్మిదో తరగతిలో చేరడం కుదరదు కాబట్టి ఆసామి తల పట్టుకుని వెళ్లిపోయాడు.

పైనుంచి ఫోన్ కూడా వచ్చింది. శాలువా కప్పిన అధికారే. మీ బడిలో ఆన్‌లైన్ పాఠాలు సగానికి సగం పడిపోయాయి, కారణమేమిటని అడిగాడు. ఫోన్ పెద్దగా పెట్టి ఉంది, నేను విన్నాను.

"పిల్లలు బడికి వస్తుండ్రు సార్" అన్నాడు మా సారు.

"అది సరే, వినియోగం ఎందుకు తగ్గింది?"

"గదే చెప్తున్న సార్."

అవతలి మనిషికి ఆ రెండింటికీ సంబంధం తట్టలేదు. శ్రద్ధ తగ్గించవద్దని హెచ్చరించి పెట్టేశాడు. మా సారు చెంప మీది సుద్దచార తుడుచుకోకుండానే నా వైపు తిరిగి నవ్వాడు.

దసరా సెలవులు అయ్యాక కూడా అనిత బడికి వచ్చింది. ఆ మరుసటి ఏడు వానకాలంలో సాయమ్మ ముఠా పనికి పోయింది గానీ అనిత పోలేదు. పదో తరగతి గట్టెక్కింది. మా సారు కూడా ఆ ఏడే, ప్రభుత్వం పెట్టిన వయసుకే, రిటైరయ్యాడు. వీడ్కోలు సభలో మరో శాలువా కప్పారు. ఊరి ఆడవాళ్లు గోడ అవతల నిలబడి, "సారు, మేక ఎవరిదో చెప్పి పోండ్రి" అని అరిచారు. "చెప్త, చెప్త, యాడికి పోత" అంటూ ఆటో ఎక్కాడు. చెప్పకుండానే పోయాడు.

నాగర్‌కర్నూల్‌లో ఆయన దినం రోజు వెళ్లాను. ఇంటి ముందు టెంటు, ప్లాస్టిక్ కుర్చీలు. దండ వేసిన ఫొటోలో కూడా పై గుండీ పెట్టుకునే ఉన్నాడు. భోజనాలు అవుతుండగా ఒక ఆటో ఆగింది. సాయమ్మ, ఆమె ముఠా ఆడవాళ్లు కొందరు దిగారు. ధరూర్ నుంచి అంతదూరం మాట్లాడుకుని వచ్చారు. అనిత వనపర్తి నుంచి బస్సులో వచ్చింది. అక్కడ డిగ్రీ చదువుతోంది. నన్ను చూసి కాళ్లకు దండం పెట్టబోతే వారించాను.

సాయమ్మ ఫొటో ముందు కాసేపు ఏడ్చి, కళ్లు తుడుచుకుని నేరుగా సారు భార్య దగ్గరికి పోయింది. "అక్కా, కోపం చెయ్యకు. ఆ మేక ఎవరిదో నీకన్న చెప్పిండా?" అంది. నేను కంగారుపడ్డాను. ఆమె మాత్రం ఆ రోజు మొదటిసారి నవ్వింది. "అన్నం తినేటప్పుడు మేకనే, పండుకునేటప్పుడు మేకనే. ఎవరిది అంటె మాత్రం చెప్పకపోతుండె. నేను గూడ ఇంట్లనే ఉండి బడికి పోనిదాన్ని గదమ్మా" అంది.

అందరూ నా వైపు చూశారు. నాకు తెలియదన్నాను. అప్పుడు అనిత మెల్లగా చెప్పింది. "పోయిన నెల ఫోన్ చేసి అడిగిన నేను. సారు నవ్విండు. నాకు గూడ తెల్వదు బిడ్డా అన్నడు. తెలిస్తె మీరు మర్నాటి నుంచి రారేమో అని, తెల్వకుండనే నడిపిచ్చిన అన్నడు. ఎవరిదో నువ్వే చెప్పు, కాని ఇంగ్లీషుల చెప్పాలె అన్నడు. ఆలోచించి చెప్త సార్ అన్న. చెప్పెటందుకు ఆయన లేకపాయె."

సాయమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని, చేలో సాలు మొదలుపెట్టించే గొంతుతో అంది. "మరి చెప్పు. ఆయన కోసమే గదా వస్తిమి. నిలబడి చెప్పు."

అనిత లేచి నిలబడింది. గొంతు సవరించుకుంది. చున్నీ రెండు భుజాల మీదా సర్దుకుంది. "వన్ ఓల్డ్ ఉమన్" అంది. "వన్ బోట్. వన్ గోట్." అక్కడ ఆగిపోయింది. తర్వాతి మాట కోసం కాబోలు, కుర్చీల వైపు చూసింది. ముందు వరసలో నేనున్నాను.

నా ముఖం దానంతటదే ఏమీ తెలియనట్టు అయిపోయింది. ఆ ముఖం చూసి పాఠం చెప్పిన మనిషి ఇక లేడన్నది నాకు అప్పుడే గట్టిగా తగిలింది. అనిత నన్ను చూసింది. కళ్లు తుడుచుకుని, ఇంకొంచెం పెద్ద గొంతుతో, తర్వాతి వాక్యం అందుకుంది.